ఖిడ్కీ హోటల్లో రాణి ఎన్నడూ తినలేదు

చంద్రపూర్‌ల నా చేతి తిండి తినని మనిషి లేడు. మంత్రులు తిన్నరు, జడ్జీలు తిన్నరు, అడవిల పులిని చూడనీకి వచ్చిన పరాయి దేశపు దొరసాని తిని నా చెయ్యి పట్టుకొని కండ్లనీళ్లు పెట్టుకున్నది.

సరే, నిమ్మళంగ చెప్త. మంత్రి ఒక్కడే, ఆయన కూడ మాజీ. జడ్జిగారు వచ్చింది చేతులు కడుక్కోనీకి. దొరసాని కండ్లనీళ్లు మా కారానికి వచ్చినయి. ఇగ నా చేతి తిండి అన్నది సగమే నిజం. వండింది పోశక్క, మోసింది నేను.

ముప్పై ఎనిమిదేండ్లు ఖిడ్కీ హోటల్ల సర్వర్‌గ చేసిన. మా ఊరి పాతకోట గోడకు అక్కడక్కడ చిన్న దర్వాజలు ఉంటయి, వాటిని ఇక్కడ ఖిడ్కీలంటరు. అసొంటి ఒక ఖిడ్కీ పక్కన, చెరువు మీదికి ఒరిగినట్టు నాలుగు రాతి గదులున్నయి. గోండు రాజుల నాటివి. ఆ గదులల్లనే మా హోటల్. తెల్లబట్టలు పరిచిన టేబుళ్లు, ఫోర్కులు అసొంటివేం లేవు. ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గ్లాసులు. పొద్దున తర్రీ అనే ఎర్రటి కారం పులుసు పోసిన అటుకుల పోహా, పగటీలి జొన్నరొట్టె, శనగపిండి పిఠ్లా, కొర్రమట్ట చేపల పులుసు. తినేటోళ్లు లుంగీ మీద వచ్చినా, సూటు మీద వచ్చినా కుర్చీ ఒక్కటే.

ఈ మధ్య మన లాల్‌పేట్, పద్మాపూర్ తెలుగోళ్ల పిల్లలు బొగ్గుబాయి పని దొరుకుత లేదని హోటళ్లల్ల చేరుతున్నరు. ఆళ్ల కోసం రాస్తున్న. తెలుగు మాట్లాడుడు వస్తది గాని సదువుడు కష్టమంటరు గనుక చిన్న చిన్న ముక్కలు చేసి రాస్తున్న, రొట్టె విరిచి పెట్టినట్టు. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది అని అడగకుండ్రి. సర్వర్‌కు ప్రమోషన్ అంటే భుజం మీది తువ్వాల మారుడే. నేను చెప్పేది ముఖ్యంగ ఒకటే ముచ్చట. నా నోటితోని నేను కట్టిన కథ ఒకటి ఆ హోటల్‌ను మూతపడేదాకా తెచ్చింది. పదకొండు మంది పని పోయేది. దాన్ని ఎట్ల కట్టిన, ఎట్ల విప్పిన అన్నదే ఇది. ముందుగాల పని ఎట్లుంటదో రెండు మాటలు చెప్త, అది తెల్వకుంటే ఇది తెల్వదు.

నీళ్ల దిక్కు కుర్చీ

చెరువు ఒడ్డు హోటల్‌కు వచ్చినోడు మొదలు మెనూ అడగడు. "నీళ్లు కనబడే జాగ ఉందా?" అంటడు. మా కష్టం ఏందంటే ఆ గదులు కట్టినోళ్లు హోటల్ కోసం కట్టలేదు. చెరువు దిక్కు గోడకు మూడు సన్నటి కంతలు, బాణాలు వేయనీకి. ఒక్కటి మాత్రం వెడల్పాటి కిటికీ. ఆ కిటికీ కాడ నలుగురు పట్టే టేబుల్ ఒకటి పడ్తది. అక్కడ కూచుంటే చెరువు మొత్తం ఒడిల ఉన్నట్టే. తతిమోళ్లకు చెరువు చీర అంచంత కనబడ్తది.

మరి సర్వర్ పని ఏంది? కంత కాడ కూచున్నోన్ని కంతే మంచిదని నమ్మించుడు. "సార్, ఆ కిటికీల నాలుగు దాటితే ఎండ ముఖం మీద కొడ్తది, మీకు ఇక్కడ నీడ." "అమ్మా, ఆడ గాలికి అప్పడాలు ఎగురుతున్నయి, మీరు ఇక్కడ నిమ్మళంగ తినుండ్రి." అప్పడాల ముచ్చట అబద్ధం కాదు. చెరువు గాలి లేచిందంటే అప్పడం పోయి నీళ్ల మీద పడ్తది, బాతులు తింటయి. కొత్తగ చేరినోళ్లు గుర్తు పెట్టుకోండ్రి. నీళ్ల ఒడ్డున అప్పడాన్ని పప్పుగిన్నె అంచు కింద ఇరికించి తేవాలె. ఏ హోటల్ బడిల గూడ ఇది చెప్పరు.

మా ఎండల సంగతి నేను చెప్పేదేముంది. మా రాతిగోడలేమో రెండు చేతులు చాపినంత మందం. లోపలికి వస్తే బాయిల దిగినంత చల్లగ. గడ్‌చాందూర్ నుంచి ఒక జంట ఆదివారం ఆదివారం సర్కారు ఎస్టీ బస్సుల వచ్చేది. ఆయనది సిమెంటు ఫ్యాక్టరీల పని, కనుబొమ్మలు ఎప్పుడు తెల్లగనే ఉండేవి. చెరొక మజ్జిగ చెప్పి రెండు గంటలు కూచునేటోళ్లు. నాకు కడుపు మండేది. ఒకపారి ఆళ్ల టేబుల్ తుడిచిన. కొంచెమాగి మళ్ల తుడిచిన. మూడోపారి తువ్వాల తీస్తుంటే మా హోటల్ మాలకిన్ సులభా తాయి పిలిచింది. తాయి అంటే అక్క, గాని నాకంటె పదేండ్లు చిన్నది, మరాఠీ మనిషి. ఆమె అత్త ఒక్క పొయ్యితోని పెట్టిన హోటల్‌ను ఈమె నడిపింది. ఆమె మాటలన్నీ మరాఠీలవే, నేను తెలుగు చేసి రాస్తున్న, భావూ అంటే అన్నా అని.

"మల్లేశ్ భావూ, ఆ టేబుల్ అరిగిపోతుంది."

"రెండు గంటలాయె తాయి. రెండే మజ్జిగలు."

"మజ్జిగ కోసం వచ్చారా వాళ్లు? వారమంతా దుమ్ము మింగిన మనిషి నీళ్లు చూడటానికి వచ్చాడు. చెరువు మనం తవ్వించలేదు కదా. కూచోనీ."

ఆ మాట నాకు తలకెక్కనీకి ఇరవై ఏండ్లు పట్టింది. ఇరవై అంటే బరువుగ ఉంటదని రాసిన. రెండు నెలలు పట్టింది.

నిమ్మబద్ద

నేను ఆర్డర్ కాగితం మీద రాసుకునేటోన్ని కాదు. అరవై మంది చెప్పినా తప్పు లేకుంట తెచ్చేటోన్ని. ఊరంతా నా యాది శక్తిని మెచ్చుకునేది. ఒక కాలేజీ మాస్టర్ నా తలకాయను పరీక్ష చేయించాలె అన్నడు.

తలకాయల ఏం లేదు. అంతా నిమ్మబద్దల ఉంది. మనిషి కూచోంగనే ఉల్లిగడ్డ, నిమ్మబద్ద, పచ్చిమిరపకాయ ఉన్న చిన్న పళ్లెం పెడ్తం గదా. ఆర్డర్ వింటనే ఆ పళ్లెం సర్దేటోన్ని. నిమ్మబద్ద మనిషి దిక్కుంటే శాకాహారం, అవతలి దిక్కుంటే మాంసం. మిరపకాయ మొన ఎడమకుంటే రొట్టె, కుడికుంటే అన్నం. వంటింట్లకెళ్లి చూస్తే అన్ని టేబుళ్లు నాకు సదువ వచ్చేవి. పోశక్క ఒక్కదానికే ఈ గుట్టు తెలుసు. ఆమె లాల్‌పేట్ మనిషి, మా హెడ్ వంటమనిషి. పెనిమిటికి బాయిల నడుం విరిగింది, ఇంట్లనే ఉంటడు. ఆ ఇల్లు ఆమె గరిటె మీదనే నడిచేది. నోరు మాత్రం ఆమె తర్రీ కంటె ఎక్కువ ఘాటు.

ఒకనాడు మెడల తులసిమాల ఉన్న ముసలాయన వచ్చిండు. ఇక్కడ అసొంటోళ్లను మాళ్కరి అంటరు, మాంసం ముట్టరు. పిఠ్లా, రొట్టె చెప్పిండు. నిమ్మబద్ద ఆయన దిక్కు పెట్టి నేను అవతలికి పోయిన. ఆయన ఉల్లిగడ్డ అందుకోనీకి పళ్లెం తిప్పిండు. నేను వంటింట్లకెళ్లి చూసిన, మటన్ తెచ్చి ముంగట పెట్టిన.

ఆయన ముట్టలేదు. వాసనకే లేచి, చెరువు మెట్ల కాడికి పోయి నిలబడ్డడు. నా నోట్లె జవాబు తయారుగుంది: పళ్లెం తిప్పింది నువ్వే గదా పెద్దమనిషీ అని. తాయి నన్ను ఆపింది. "ఏం చేశావో చెప్పు. ఎందుకు చేశావో ఆయన అడిగితేనే చెప్పు."

పోయి చెప్పిన. "మీ ముంగట మటన్ పెట్టిన బాబా. తప్పు నాదే." ఆయన నీళ్ల దిక్కే చూసుకుంట, "ఎట్ల జరిగింది?" అన్నడు. అప్పుడు నిమ్మబద్ద ముచ్చట చెప్పిన. ముసలాయన మీసంల నవ్విండు. మళ్ల వారం వచ్చి కూచొని, చేతులు రెండు ఒడిల పెట్టుకొని, "నేను దేన్నీ ముట్టలే, నువ్వు మంచిగ చూసుకో" అన్నడు. సచ్చేదాక మా గిరాకి ఆయన. కారణం ముందు చెప్తే క్షమాపణ చప్పబడ్తది. ఇది పనికొచ్చే మాట, గుర్తు పెట్టుకోండ్రి.

రాణి ఎట్ల పుట్టింది

ఇప్పుడు అసలు ముచ్చట.

ఒకనాడు పగటీలి నాగ్‌పూర్ నుంచి ఒక కుటుంబం వచ్చింది, తొమ్మిది మంది. కిటికీ టేబుల్‌కు ఇంకో టేబుల్ జోడించి కూచోబెట్టిన. అదే టైముకు వంటింట్ల గ్యాస్ అయిపోయింది. బండ వచ్చేదాక ముప్పావు గంట. ఆళ్ల పెద్దాయన గ్లాసుతోని టేబుల్ మీద కొట్టుడు మొదలుపెట్టిండు.

ఏం చెయ్యాలె? దగ్గరికి పోయి, గొంతు తగ్గించి అన్న, "సాహెబ్, మీరు కూచున్న జాగ ఎవరిదో తెలుసా?"

"ఎవరిది?"

"గోండు రాణిది. ఈ కిటికీల కూచొని, చెరువును చూసుకుంట అన్నం తినేది. మీ అమ్మగారు కూచున్న జాగల్నే."

పెద్దాయన గ్లాసు ఆగింది. ఆయన తల్లి, ఎనభై ఏండ్లుంటయేమో, కొంగు సర్దుకొని నిటారుగ కూచున్నది. "ఏం తినేది?" అని అడిగింది.

ఆ పూట వంటింట్ల కడిగి, కోసి పెట్టి ఉన్నదేంది? "కొర్రమట్ట పులుసు" అన్న.

తొమ్మిది మంది తొమ్మిది కొర్రమట్టలు చెప్పిండ్రు. ముప్పావు గంట ఒక్కరు కూడ నోరు మెదపలే. పోయేటప్పుడు ఆ ముసలమ్మ కిటికీ రాయికి దండం పెట్టింది. అప్పుడే నాకు సిగ్గు రావాల్సింది. రాలే. సంబురమే వచ్చింది.

ఆ తర్వాత రాణి నా చేతుల పెరిగింది. మొదలు రాణి ఒక్కతే. ఎండకాలానికి దాసి వచ్చింది, విసనకర్ర పట్టుకొని. వానకాలానికి చిలుక వచ్చింది. ఆ చిలుక చెరువుల చేప ఎగిరితే "మట్ట, మట్ట" అనేది. రాణి పేరు మాత్రం ఎన్నడు చెప్పలే. పేరు చెప్తె దొరికిపోతం. గోడ పైన గూడుల ఉన్న నలుపు రాణి దీపాల మసి అన్న. ఒక్క నలుపును కూడ వదలలే నేను.

పోశక్క వంటింటి దర్వాజ కాడికెళ్లి వినేది.

"మల్లన్నా, మీ రాణికి ముల్లు గుచ్చుకోలేదా ఎన్నడన్నా?"

"దాసి తీసిపెట్టేది."

"గట్లనా. మరి గిన్నెలు ఎవలు తోమింది? రాణి వంటామె పేరేంది?"

"పేరు దొరకలే అక్కా."

"దొరకదు. వండినోళ్ల పేరు నీ కథల గూడ దొరకదు."

తాయి ఒకనాడు సూటిగ అడిగింది, "భావూ, ఇది నిజమేనా?" అప్పుడే "లేదు తాయి" అంటే అయిపోయేది. నేను "మా తాత చెప్పిండు" అన్న. మా తాత మంచిర్యాల దిక్కు నుంచి బాయిపనికి వచ్చినోడు. ఆయనకు కోట గోడంటే షిఫ్టు దిగినంక ఒరిగి బీడి తాగే జాగ. రాణి ముచ్చట ఆయన ఎన్నడు ఎత్తలే. తాయి మాత్రం నమ్మింది. ఎర్ర మఖమల్ గుడ్డతోని మెత్త కుట్టింది, ఆ కిటికీ కుర్చీల పెట్టింది. 'రాణి కిటికీ' అని మరాఠీల బోర్డు రాయించింది. అప్పటిసంది ఆ టేబుల్ అందరికి ఇయ్యలే. పెద్దోళ్లకు, దూరపోళ్లకు, పెండ్లిరోజు చేసుకునేటోళ్లకు. గడ్‌చాందూర్ జంట కూడ కంత కాడనే కూచునేది.

కాగితం

ఒక కాలేజీ పిల్ల నేను కథ చెప్తుంటే ఫోన్ల వీడియో తీసింది. ఆ వీడియోల నేను సినిమా హీరో లెక్క ఉన్న అని చెప్తరు. చెప్పింది నేనే. అది ఎక్కడెక్కడికో పోయింది. నెల దాటినంక పాతకట్టడాలు చూసుకునే దఫ్తరు నుంచి కాగితం వచ్చింది.

తాయి గల్లా కాడ నిలబడి అందరం వినేటట్టు సదివింది. స్థానికుల పరంపర ప్రకారం ఈ గదులు రాజకుటుంబం వాడినవని తెలిసింది, మా అధికారి వచ్చి చూస్తరు. నిజమని తేలితే ఈ గదులను కోటతోని కలిపి కాపాడాల్సి ఉంటది, వంట, వ్యాపారం ఇక్కడికెళ్లి తీసెయ్యాల్సి ఉంటది. గిది సారం. ఆ దఫ్తరోళ్లది తప్పు లేదు. నా మాట నిజమైతే ఆళ్లు చేసేది సరైన పనే.

నేను తాయి భయపడ్తదనుకున్న. ఆమె ముఖం వెలిగిపోతున్నది. "చూశావా భావూ, మీ తాత చెప్పింది సర్కారుకు చేరింది" అన్నది. అటెన్క వంటింటి దిక్కు చూసి గొంతు తగ్గించింది. "రాణి తిన్న చోట మనం గ్యాస్ బండ పెట్టుకున్నాం. తెలియక చేశాం. నిజమని తేలితే అప్పజెప్పేద్దాం. కొట్లాడను."

పదకొండు మంది ఒకరి ముఖం ఒకరు చూసుకున్నరు. పోశక్క నా ముఖం చూసింది.

నాకు తెలిసిన సంగతేందంటే, మాలకిన్ బద్మాష్ అయితే నా అబద్ధం అంత ముప్పు తెచ్చేది కాదు. వకీలును పెట్టి ఏండ్లకేండ్లు లాగేది. తాయి ఈమానుదారు మనిషి. నా అబద్ధాన్ని నమ్మి, ఆ నమ్మకం మీద తన అత్త పెట్టిన పొయ్యిని తనే ఆర్పనీకి తయారైంది.

"చెప్పు" అన్నది పోశక్క, ఆ సాయంత్రం చేపలు కడుగుకుంట.

"చెప్త. మంచి టైము చూసి."

"నీ టైము వచ్చేసరికి నేను నా గరిటె పట్టుకొని ఎవని దర్వాజ కాడ నిలబడాలె? యాబై దాటిన ఆడిదాన్ని ఎవడు పెట్టుకుంటడు?"

"తాయి మనసు విరుగుతది అక్కా. ఎంత సంబురపడ్తున్నదో చూసినవు గదా."

"ఆమె సంబురం నువ్వు మాటలతోని కుట్టిన మెత్త లెక్కనే. లోపల పత్తి లేదు." నీళ్లు గుమ్మరించి లేచింది. "ఆ దఫ్తరు అధికారి వచ్చిన్నాడు నువ్వు నోరు తెరువకపోతే నేను తెరుస్త. నేను తెరిస్తే ఎట్లుంటదో నీకు ఎరుకే."

ఎనిమిది దినాలు తప్పించుకున్న. ఒకనాడు జ్వరం అన్న. ఒకనాడు తాయి ఉపవాసం అన్న. రెండు దినాలు ఆమె ముంగట నిలబడి, చెరువుల గుర్రపుడెక్క పెరిగింది తాయి అని చెప్పి వచ్చిన.

మడావి మేడం

వచ్చింది ఒక గోండు ఆడామె. మడావి మేడం. నలభై దాటి ఉంటయి, కాళ్లకు బూట్లు, చేతిల కొలిచే టేపు, జెబ్బకు సంచి. ఆ కోట గోడను ఏండ్లకేండ్లు మూర మూర కొలిచిన మనిషి అని తర్వాత తెలిసింది. రెండు గంటలు మా గదులన్ని చూసింది. రాళ్ల సందులు గోకింది, కంతల్ల చెయ్యి పెట్టింది, గూడుల నలుపును వేలితోని రాసి వాసన చూసింది. తర్వాత కిటికీ టేబుల్ కాడ కూచొని, మెత్త తీసి పక్క కుర్చీల పెట్టి, పిఠ్లా, రొట్టె చెప్పింది. రాణి పులుసు చెప్పలే.

తిన్నంక పుస్తకం తెరిచింది. తాయి ఎదురుంగ కూచున్నది.

"స్థానిక పరంపర అని నేను రాయాలంటే చెప్పిన మనిషి పేరు, ఆయన ఎవరి దగ్గర విన్నాడో రాయాలి" అన్నది మేడం మరాఠీల. "ఎవరు చెప్తారు?"

తాయి గర్వంగ నా దిక్కు చూపించింది.

నేను చెప్పనీకే పోయిన, ఈశ్వరుని సాక్షిగ నిజం చెప్పనీకే పోయిన. గాని పన్నెండేండ్ల అలవాటు. ముంగట మనిషి కూచొని చెవులిచ్చేసరికి గొంతు దానంతట అదే తగ్గింది. "ఈ కిటికీలనే మేడం, రాణి..." అని మొదలైంది. దాసి వచ్చింది. చిలుక వచ్చింది. మేడం రాసుకుంట పోతున్నది. ఆమె మంచిగ వింటున్నదని నాకు ఇంకింత ఊపొచ్చి, ఎన్నడు లేనిది ఆ దినం చెరువుల ఏనుగును దింపిన. రాణి కిటికీలకెళ్లి చెయ్యి చాపితే ఏనుగు తొండంతోని తామరపువ్వు అందిస్తుంటది.

వంటింటి దర్వాజ కాడ గరిటె గంజు మీద పడ్డ సప్పుడైంది. ఒక్కటే దెబ్బ. అటు చూసిన. పోశక్క గరిటె పట్టుకొని నిలబడ్డది, వెనుక తతిమా పనోళ్లందరు.

నా ఏనుగు చెరువుల్నే ఆగిపోయింది.

"మేడం" అన్న, "ఇదంత నేను కట్టిన."

గ్యాస్ అయిపోయిందని చెప్పబుద్ధైంది, నాగ్‌పూర్ పెద్దాయన గ్లాసు కొట్టిండని చెప్పబుద్ధైంది. మింగిన. "రాణి లేదు. చిలుక లేదు. మా తాత ఏం చెప్పలే. ఆ వీడియోల ఉన్నది కూడ నా కల్పనే. తాయికి ఏం తెల్వది. ఆమెకు కూడ నేనే అబద్ధం చెప్పిన."

తాయి నా దిక్కు చూడలే. టేబుల్ మీద ఉన్న ఉప్పుడబ్బాను తిప్పుకుంట కూచున్నది. ఆ తిప్పుడు నాకు ఇప్పటికి కండ్లల్ల ఉంది. ఈ రాతల్ల నేను దేన్నన్నా పెంచి రాసి ఉంటే ఉంటగాని, దీన్ని పెంచలే.

మేడం పుస్తకం మూసింది. "మా అమ్మమ్మ నాకు రాణుల కథలు చాలా చెప్పింది" అన్నది. "నిజంగా బతికినవాళ్లు, నిజంగా కట్టించినవాళ్లు. చిలుక మాత్రం కొత్త. మీరు చెప్తుంటే ఏ ఊరి గోండులు చెప్పుకుంటారా ఇది అని వెతుకుతున్నాను."

"మాఫ్ చేయుండ్రి మేడం. మీ రాణితోని నేను చేపలు అమ్మిన."

"అమ్మారు" అన్నది. నవ్వలే. తర్వాత పెదవి చివరన కొంచెం కదిలింది. "ఏనుగు ఇవాళే వచ్చిందా?"

"ఇయ్యాల్నే."

"అనుకున్నా. చెరువు అంచు అక్కడ నడుము లోతు బురద. ఏనుగు దిగితే ఎక్కదు."

అప్పుడు లేచి గూడు కాడికి పోయి మమ్ములందర్ని పిలిచింది. ఆ నలుపు దీపాల మసి కాదంట. పొయ్యి పొగ. ఒక్క దినంది, ఒక్క ఏడాదిది కాదు, పొరల మీద పొరలు. ఇవి ఖిడ్కీ కాపలాదార్ల గదులు. ఆళ్లు ఇక్కడనే వండుకునేటోళ్లు, ఈ కిటికీలకెళ్లి చెరువు మీద కన్నేసి, చేతుల రొట్టె పట్టుకొని తినేటోళ్లు. కిటికీ వెడల్పు అందుకే.

"అంటే ఇక్కడ ముందే పొయ్యి ఉన్నదా?" అని అడిగింది పోశక్క.

"గోడ కట్టిన్నాటి నుంచి ఉన్నట్టే ఉంది."

పోశక్క ఆ నలుపును చేత్తోని ముట్టుకొని చూసింది.

మేడం నాతోని ఒక కాగితం రాయించింది. 'రాణి కథ నా సొంత కల్పన, ఎవరి వద్దా వినలేదు' అని మరాఠీల. కింద సంతకం పెట్టిన. సర్కారు ఫైళ్లల్ల నా పేరు ఎక్కిన కాగితం బహుశా అదొక్కటే. నేను అబద్ధాలకోరునని నా చేతితోనే రాసి ఉంది.

కిటికీ

తాయి మూడు దినాలు నాతోని మాట్లాడలే. ఒక నెల అని రాస్తె మీకు ఇంకా జాలేస్తుండె, గాని మూడు దినాలే. నాలుగోనాడు పొద్దున బోర్డు దింపుతున్నది, స్టూలు ఊగుతుంటే పోయి పట్టుకున్న.

"పని మానేయమంటవా తాయి?"

"మానేస్తే సుఖపడతావు" అన్నది పైనుంచి. "ఇక నుంచి ఎవరు వచ్చి రాణి గురించి అడిగినా నువ్వే చెప్పాలి. రాణి ఎన్నడూ తినలేదు, నేను అబద్ధం చెప్పాను అని. ప్రతి టేబుల్‌కూ. నీ తరఫున ఇంకొకరు చెప్పరు."

అది శిక్ష. రిటైర్ అయ్యేదాక చేసిన. మొదటి దినాలల్ల కొందరు తిట్టిండ్రు. పుణె నుంచి వచ్చిన ఒకాయన, ఇందుకోసం గింత దూరం వచ్చిన్నా అని లేచి పోయిండు. కొర్రమట్ట కొన్ని దినాలు గంజులనే మిగిలింది. తర్వాత తర్వాత, మనుషులు ఒకటి అడుగుడు మొదలుపెట్టిండ్రు. "మరి ఎవరు తినేటోళ్లు ఇక్కడ?" కాపలాదార్లు అని చెప్తుంటి. గంతకంటె ఎక్కువ నాకు తెల్వదు అని కూడ చెప్తుంటి. ఆ ఆఖరి మాట అనుడు నాకు అన్నిటికంటె కష్టమైంది.

దఫ్తరు నుంచి రెండో కాగితం వచ్చిన్నాడు తాయి దాన్ని నాతోనే సదివించింది. గదులల్ల వంట నడుపుకోవచ్చు. గోడలకు మొలలు కొట్టొద్దు, సున్నం వెయ్యొద్దు, పొగగొట్టం బయటికి తియ్యాలె, గూడు నలుపును కడగొద్దు. పదకొండు మందిల ఒక్కరి పని పోలే. నాది కూడ.

ఆ మధ్యాహ్నం గిరాకి తగ్గినంక, లాల్‌పేట్ బాయిల మొదటి షిఫ్టు దిగిన నలుగురు మనోళ్లు వచ్చిండ్రు. ఎప్పటిలెక్క కంత దిక్కు నడుస్తుంటే నేను కిటికీ చూపించిన. "ఇక్కడ కూచోండ్రి."

"అది రాణిది గదనే" అన్నడు ఒకాయన.

"కాదు. కాపలా డ్యూటీ చేసినోళ్లది."

ఆయన తన చేతులు చూసుకున్నడు. గోర్ల సందుల బొగ్గు ఇంకా ఉంది. "గట్లయితే మనదే" అని కూచున్నడు. నలుగురు రెండు రెండు ప్లేట్లు తిన్నరు. పన్నెండేండ్లు మా ఊరి మంచి కిటికీని మా ఊరోళ్లకు కాకుంట చేసింది నా కథనే అని అప్పుడు ఎరుకైంది. నా తప్పులల్ల పెద్దది ఇది. దఫ్తరు కాగితంల దీని ముచ్చట లేదు.

ఆళ్లు పోయినంక టేబుల్ తుడిచి, వంటింట్లకు పోయి, "పోశక్కా, రా" అన్న.

"ఏంది, మళ్ల ఎవలొచ్చిండ్రు?"

"ఎవలు రాలే. నువ్వు రా."

కొంగుతోని చేతులు తుడుచుకుంట వచ్చింది. కుర్చీ లాగిన. అనుమానంగ చూసింది, కూచున్నది. మా వంటింటికి కిటికీ లేదు, వెనుక గోడ దిక్కుంటది. వెనుక దర్వాజకెళ్లే వచ్చేది, వెనుక దర్వాజకెళ్లే పోయేది. ఇరవై రెండేండ్లు ఆ చెరువు చేపలు వండిన మనిషి.

గాలికి నెరిసిన ఎంట్రుకలు ముఖం మీద పడ్తుంటే తీసుకోలే. అవతలి ఒడ్డున ఎవరో ఎడ్లను కడుగుతున్నరు.

"నీళ్లు గిన్ని ఉన్నయా" అన్నది.

తాయి గల్లా కాడికెళ్లి లేచొచ్చి ఎదురుంగ కూచున్నది. ఇద్దరికి పిఠ్లా, జొన్నరొట్టె తెచ్చిన, గ్లాసులల్ల నీళ్లు పోసిన. ఏదన్నా అందామని నోరు తెరిచిన. నిలబడ్డ.

పోశక్క రొట్టె తుంచుకుంట, తల తిప్పకుంటనే అన్నది, "ఏం చూస్తున్నవు మల్లన్నా, ఎన్నడు మనిషి తినుడు చూడనట్టు. పోయి ఇంకో రొట్టె తే, వేడిది."

తెచ్చిన.